హైలెస్సా అనే పనిముట్టు



ఈ స్మారకోపన్యాసానికి నిధి సమకూర్చిన కుటుంబం వక్తకు పెట్టిన షరతు ఒక్కటే. గోదావరి పాయల మధ్య మసలిన మాట ఏదో ఒకటి తీసుకుని దాని సంగతులు చెప్పాలి. నేను తీసుకున్న మాటకు వ్యాకరణంలో ఊరూ పేరూ లేవు. అది నామవాచకం కాదు, క్రియ కాదు, విశేషణం అంతకన్నా కాదు. దాన్ని వాక్యంలో పెట్టి ఎవరూ మాట్లాడరు. అయినా తెలుగు వచ్చిన ప్రతివాళ్లకీ తెలుసు. హైలెస్సా.

దీనికి కొందరు ముచ్చటపడి చెప్పే అర్థం ఒకటుంది. ముందు దాని సంగతి చూస్తాను. 'లెస్స' అంటే బాగు, మేలు. శ్రీకృష్ణదేవరాయల పేరు ఎత్తగానే మనకు గుర్తొచ్చే లెస్స అదే. కాబట్టి 'హై, లెస్స' అంటే 'ఆహా, బాగుంది, కానివ్వండి' అని పడవవాళ్లు ఒకరినొకరు మెచ్చుకోవడం అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ చెన్నపట్నం దాటి దక్షిణానికి వెళ్తే తమిళ జాలర్లు 'ఐలసా' అంటారు. కేరళ తీరంలోనూ ఐలసాయే. మంగుళూరు వైపు కన్నడం, తుళు మాట్లాడేవాళ్లది 'ఐలేసా'. వాళ్లలో ఎవరికీ మన లెస్సతో పని లేదు. ఉత్తరాదిన బరువు జరిపేటప్పుడు 'హైశా' అంటారు. 2015లో ఆ మాటను పేరులో పెట్టుకుని ఒక హిందీ సినిమా కూడా వచ్చింది. ఇన్ని భాషలవాళ్లు ఇంత దగ్గర దగ్గర కేకలు వేస్తున్నప్పుడు ఒక్క తెలుగు ధాతువును పట్టుకుని కూర్చుంటే లాభం లేదు. ఈ మాట పుట్టుక నిఘంటువులో కాదు, ఒంట్లో వెతుక్కోవాలి.

ఒంట్లో అంటే ఊపిరిలో. తెడ్డు వేసే పనిలో నాలుగు దశలుంటాయి. చేతులు చాచి తెడ్డును నీళ్ల మీదుగా తీసుకుపోవడం, ఆకును నీట ముంచడం, లాగడం, పైకెత్తడం. నలుగురూ ఒకేసారి ముంచకపోతే తెడ్లు ఒకదానికొకటి తగులుతాయి, పడవ ఒక పక్కకు తిరుగుతుంది, పడిన కష్టం సగం నీళ్లపాలవుతుంది. ఇప్పుడు కేకను విడదీసి చూడండి. 'హై' అనే దీర్ఘం సాగుతున్నంతసేపూ చేతులు చాచుకుంటాయి. 'లెస్' దగ్గర గొంతు ఒక్క క్షణం బిగుస్తుంది. తెడ్డు ఆకుకు నీటిలో పట్టు దొరికే క్షణం అదే. 'సా' దగ్గర బిగబట్టిన గాలి బయటికి దూసుకొస్తుంది, లాగుడు పడుతుంది. ఆ ద్విత్వం తీసేసి 'హైలేసా' అని మెత్తగా పలికి చూడండి, మన చేతులకు ఎక్కడ పట్టుకోవాలో తెలియదు.

ఛందస్సు చదువుకున్నవాళ్లు ఈ సభలో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. హై, లెస్, సా మూడూ గురువులే. అంటే మగణం. శార్దూలం మొదలయ్యేది ఆ గణంతోనే. మన లాక్షణికులు మగణానికి భూమిని అధిదేవతగా చెప్పారు. నీళ్ల మీద వేసే కేకకు భూమి దేవత కావడం తమాషా. అంతకుమించి దాన్ని సాగదీయను. పడవవాళ్లు ఛందస్సు చూసుకుని కేక కట్టుకోలేదు. బరువు లాగడానికి వాళ్లకు గురువులే కుదిరాయి, అంతే సంగతి.

ఒకే కేకతో మన కాలువల మీద మూడు రకాల పనులు జరిగేవి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఇప్పటి పిల్లలు పడవ అనగానే తెడ్డు ఒక్కటే అనుకుంటారు.

లోతు తక్కువున్న చోట, ఇసుక మేటల మధ్య, తెడ్డు పనికిరాదు. అక్కడ గడ వేస్తారు. పొడుగాటి వెదురు గడను పడవ ముందు భాగాన నీళ్లలో గుచ్చి, రెండో కొసను భుజానికో రొమ్ముకో ఆనించి, పడవ అంచు వెంట వెనక్కి నడుస్తూ తొయ్యాలి. మనిషి వెనక్కి నడిచినంత దూరం పడవ ముందుకు జరుగుతుంది. తర్వాత గడ పీక్కుని మళ్లీ ముందుకు రావాలి. ఇక్కడ కేక చాలా పొడుగు. అడుగు వెంట అడుగు పడుతుంటే ఊపిరి మెల్లమెల్లగా వదులుతారు. లోతున్న నదిలో తెడ్డు. అక్కడ కేక పొట్టి, గట్టి. మూడోది తాడు. కాలువలో నీటికి ఎదురు వెళ్లాలంటే పడవకు తాడు కట్టి, గట్టు మీద నడుస్తూ మనుషులు లాగాలి. తాడు భుజం మీద ఒరుసుకుంటూ ఉంటుంది, నడుము ముందుకు వంగి ఉంటుంది, కేక నడకతో సమానంగా పడుతుంది. ఇక గాలి అనుకూలించి తెరచాప ఎత్తితే ఎవరూ కేక వెయ్యరు. చుట్ట వెలిగిస్తారు.

అమరకోశం వారివర్గంలో పడవ సామాను గురించి ఒక చిన్న పట్టీ ఉంది. నౌకాదండం, క్షేపణి, అరిత్రం, కేనిపాతకం, నీళ్లు తోడిపోసే సేచనం, చివరికి రేవు దాటించినందుకు ఇచ్చే కూలికి ఆతరం అనే పేరు కూడా. నాకు నచ్చినది గుణవృక్షకం. గుణం అంటే తాడు. గుణవృక్షం అంటే తాడు కట్టే మాను, పడవ మీది కొయ్య. బెంగాలీలో ఇప్పటికీ గట్టు మీంచి పడవ లాగడాన్ని 'గూణ్ టానా' అంటారు. సంస్కృత కోశంలో ఎక్కిన ఆ తాడు బెంగాలీ కూలి నోట అలాగే బతికుంది. అరిత్రం ఇంకా పాతది. ఋగ్వేదంలో అశ్వినులు భుజ్యుణ్ణి సముద్రంలోంచి కాపాడి తెచ్చిన నావకు నూరు అరిత్రాలు. కానీ ఆ నూరు తెడ్లు వేసినవాళ్లు ఏమని కేక పెట్టారో అందులో లేదు. కోశాలు వస్తువుల పేర్లు రాసుకుంటాయి, కేకలు రాసుకోవు.

మన పడవ మాటల్లో ఒక తేడా ఎప్పటినుంచో నా కంట్లో పడుతోంది. పడవ, తెడ్డు, గడ, తాడు, తెప్ప, రేవు ఇవన్నీ ఇంటి మాటలు. చుక్కాని అరబ్బీ నుంచి వచ్చింది, అక్కడ దాని పేరు సుక్కాన్. లంగరు పారశీకం. సరంగు, కళాసీ కూడా అటునుంచే సముద్రం దాటి వచ్చినవే. అంటే దారి చూపేదానికి, ఆపేదానికి, పైనుండి చెప్పేవాడికి ఓడల మీది పేర్లు దిగాయి. కండలతో చేసే పనికి మాత్రం ఊరి పేర్లే మిగిలాయి. కోనసీమకు ఎదురుగా, గౌతమి అవతలి గట్టున ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. అక్కడి నుంచి వెళ్లిన తెలుగువాళ్లను బర్మాలో కోరంగీలు అనే పిలిచేవారు. అలాంటి రేవుల్లో కలగాపులగంగా తయారైన ఓడ భాషకు థామస్ రోబక్ 1811లో కలకత్తాలో ఒక నిఘంటువే వేశాడు. ఇంగ్లీషు అధికారి లాస్కర్లకు ఆజ్ఞలు ఇవ్వడానికి అది పనికొచ్చేది. ఆ లాస్కర్ మన మధ్య ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. సైన్యం అనే అర్థమున్న పారశీక మాట ఓడ కూలీకి అంటుకుని, అక్కడి నుంచి గట్టెక్కి, ఇరిగేషన్ శాఖలో కాలువలు చూసుకునే లస్కర్ ఉద్యోగంలో స్థిరపడింది.

ప్రపంచంలో ఈ కేకకు పేరు పెట్టినవాళ్లు గ్రీకులు. ఏథెన్స్ యుద్ధనౌకలో మూడు వరుసల్లో 170 మంది తెడ్లు వేసేవారు. వాళ్లకు లయ చెప్పే అధికారి కెలూస్టేస్, అతను వేసే కేక కెలూస్మా. పక్కన పిల్లనగ్రోవి లాంటి వాద్యం ఊదేవాడు ఒకడు. క్రీస్తుపూర్వం 405లో అరిస్టోఫనీస్ రాసిన 'కప్పలు' నాటకంలో డయోనైసస్ దేవుడికి తెడ్డు వేయడం రాదు. పరలోకపు పడవవాడు అతనికి కేక నేర్పుతాడు, అతను తంటాలు పడుతుంటే కప్పలు తమ బెకబెకలతో ఇంకో లయ పెట్టి చికాకు చేస్తాయి. తెడ్డు కేక మీద ఇంత మంచి హాస్యం నేనింకెక్కడా చదవలేదు.

ఆ కెలూస్మా తర్వాతి బతుకు ఇంకా చిత్రమైనది. లాటిన్ దారిన స్పానిష్‌కు వచ్చి ఒక రూపంలో 'సలోమా' అయింది, ఓడవాళ్ల పని పాట అని అర్థం. ఇంకో రూపంలో 'చుస్మా' అయింది. మొదట అది ఓడలో తెడ్లు వేసే మంద. తర్వాత అలగాజనం అనే తిట్టు. పోర్చుగీసులో 'సెలూమా' అంటే ఇప్పుడు రచ్చ, గొడవ. పడవలో ఉన్నవాడికి అది లయ, గట్టు మీద నిలబడి విన్నవాడికి గోల. మాటల అర్థాలను గట్టు మీదివాళ్లే రాస్తారు కాబట్టి గోల అనే అర్థం మిగిలింది. మన హైలెస్సాకు ఆ దుర్గతి పట్టకపోవడం సంతోషించవలసిన విషయం.

గ్రీకు పద్ధతికీ మన పద్ధతికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కెలూస్టేస్ తెడ్డు వెయ్యడు. అతను పై అధికారి. మన కాలువ గట్టు మీద 'హై' అని అందుకునేవాడి భుజం మీద కూడా తాడు ఉంటుంది. అతని గుండె ఎంత ఓపగలదో ఆ లయ అంతే ఉంటుంది. అందుకే అది ఆజ్ఞ కాదు. తనతో పాటు లాగేవాళ్లతో కుదుర్చుకునే ఒప్పందం. ఎవడైనా అలసిపోతే కేక దానంతటదే నెమ్మదిస్తుంది. రష్యాలో వోల్గా నది వెంట పడవలు లాగినవాళ్ల పాటను బాలాకిరెవ్ అనే సంగీతకర్త 1866లో అచ్చు వేశాడు. అలాంటివాళ్లు పదకొండు మందిని రెపిన్ అనే చిత్రకారుడు 1873 నాటికి బొమ్మ గీశాడు. ఆ బొమ్మలో ఒక్కొక్కడి అడుగూ ఒక్కోలా ఉన్నా, వాళ్లంతా ఒకే తాడుకు వేలాడుతూ కనిపిస్తారు. కేక ఆ తాడు లాంటిదే, కాకపోతే దాన్ని చేతితో తాకలేం.

పందొమ్మిదో శతాబ్దంలో లుడ్విగ్ న్వారే అనే జర్మన్ పండితుడు మనిషి భాషంతా ఇలాంటి పని కేకల్లోంచే పుట్టిందన్నాడు. 1896లో కార్ల్ బ్యూషర్ పనికీ లయకూ ఉన్న చుట్టరికం మీద పెద్ద పుస్తకమే రాశాడు. న్వారే మాట నేను నమ్మను. పిలుపు, భయం, ముద్దు కూడా మనిషికి పనికన్నా ముందు నుంచీ ఉన్నాయి. బ్యూషర్ చెప్పినదానిలో మాత్రం పస ఉంది. కొన్ని కేకలు పని చేస్తున్నప్పుడు పక్కన వినిపించే చప్పుళ్లు కావు, ఆ పనికి కావలసిన పనిముట్లు. తెడ్డు ఎలాగో హైలెస్సా అలాగ.

పనిముట్టు అని ఎందుకంటున్నానంటే, అక్కర లేనిచోట దాన్ని ఎవరూ బయటికి తియ్యరు. ఒంటరిగా దోనె నడుపుకునేవాడు హైలెస్సా అనడు. ఎవరితో కలవాలని? అతనికి పాడాలనిపిస్తే పాట పాడతాడు, అందులో మాటలుంటాయి, ఎవరి మీదో బెంగ ఉంటుంది. బెంగాల్లో ఈ తేడాకు రెండు పేర్లే ఉన్నాయి. వాలుకు పోతూ ఒక్కడు సాగదీసి పాడుకునేది భటియాలీ. వరసగా కూర్చుని జట్టుగా తెడ్లు వేస్తూ పాడేది సారి. కేరళలో జట్టు పాట ఇంకా పైకెక్కింది. పడవ పాట నడక నతోన్నత అనే వృత్తమై, పద్దెనిమిదో శతాబ్దంలో రామపురత్తు వారియర్ చేతిలో కుచేలుడి కథకు కావ్యమైంది. మన దగ్గర అలా జరగలేదు. మన కేకను పైకెక్కించింది సినిమా. 1964లో 'మూగ మనసులు' వచ్చిన దగ్గర్నుంచి గోదావరి మీద పడవ నడిపే కథానాయకుడు ఒక్కడే తెడ్డు పట్టుకుని ప్రేమగీతం పాడతాడు. వెనక ఎక్కడినుంచో హైలెస్సా వినిపిస్తుంది. ఆ జట్టు పడవలో లేదు, రికార్డింగు థియేటర్లో ఉంది. 2025లో వచ్చిన 'తండేల్' పాటలో ఆ కేక పల్లవి అయి కూర్చుంది, పిల్లలకు అది అలాగే తెలిసింది. నాకు కోపమేమీ లేదు. ఆ సినిమా పుణ్యమాని పడవ జట్టుకు పెద్ద అనే తండేలు అర్థం నలుగురికీ తెలిసింది.

పడవ లోపలి మనుషుల సంగతి తెలియాలంటే సినిమా పాట కన్నా పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' కథ చదవండి. కాలువలో వెళ్లే పడవ మీద రంగి, పద్దాలు. 1995లో కె.ఎస్. సేతుమాధవన్ దాన్ని 'స్త్రీ' పేరుతో సినిమా తీశారు. ఆ కథ జరగడానికి పడవ కావాలి. అది మెల్లగా పోవాలి. బస్సులో రంగి తన కథ చెప్పదు.

ఆ నెమ్మదైన ప్రయాణానికి దారి వేసింది ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో మొదలై 1852కు పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్‌కు నీటిపారుదల ఎంతో పడవ రవాణా అంతే. రైళ్ల కన్నా కాలువలే ఈ దేశానికి మేలని ముసలితనం దాకా వాదించాడు. బొబ్బర్లంక దగ్గర మొదలైన నీరు లొల్ల లాకుల దగ్గర చీలి కోనసీమంతా పాకింది. 1850ల్లోనే గన్నవరం అక్విడక్టు కట్టి వైనతేయ మీదుగా కాలువను అవతలి గట్టుకు దాటించారు. ఇప్పుడున్న కొత్త అక్విడక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు. లాకు దగ్గర పడవ ఆగాలి, తలుపులు మూయాలి, నీటిమట్టం పెరగాలి, తెరవాలి. పాతకాలపు ప్రయాణం పుస్తకాల్లో లాకుల దగ్గర జరిగే కబుర్లకు అంత చోటు దక్కింది ఆ ఆగడం వల్లనే.

తర్వాతిదంతా మీకు తెలిసిందే. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వచ్చి, గౌతమి గట్టున ఆగిపోయింది. యుద్ధ అవసరాలకని 1940లో పట్టాలు పీక్కుపోయారు. మళ్లీ 2004లో వేశారు. యానాం ఎదుర్లంక వారధి 2002లో తెరుచుకుంది, లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన బాలయోగి పేరు పెట్టారు. ఒక్కో వంతెనకు ఒక్కో రేవు నోరు మూసుకుంది. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు ఇంకా తిరుగుతోంది. దాని మీద కార్లు, మోటారు సైకిళ్లు, కొబ్బరి బస్తాలు ఎక్కుతాయి. కానీ దాన్ని నడిపేది ఇంజను. రేవులో ఇప్పుడు వినిపించే పాట ఏటేటా జరిగే వేలంపాట ఒక్కటే.

మాటలు పోతున్నాయని బాధపడేవాళ్లు ఇంగ్లీషు చదువుల్ని తిడతారు. ఈ కేక విషయంలో ఆ తిట్టు చెల్లదు. ఇది భాష తగ్గి పోలేదు, జట్టు తగ్గి పోయింది. పదిమంది లాగే పడవను ఒక సరంగు, ఒక డీజిలు ఇంజను కలిసి లాగుతున్నప్పుడు ఊపిరి కలపవలసిన రెండో మనిషి లేడు. భుజం కాయలు కాసిన వాళ్ల మనవలకు ఆ తాడు తప్పినందుకు నేనైతే విచారించను. ఈమధ్య సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో డ్రాగన్ పడవల పోటీలు పెడుతున్నారు. చూడ్డానికి బాగుంటాయి. అందులో లయ చెప్పేది డప్పు. జట్టు తిరిగి వచ్చింది గానీ, దాని లయను నోటి బదులు తోలు చెబుతోంది.

కేక నిజంగా పనిచేస్తున్న చోటు ఒకటి మిగిలింది, అది నది కాదు, సముద్రం ఒడ్డు. అంతర్వేది నుంచి ఓడలరేవు వైపు ఉన్న తీరంలాంటి చోట్ల అలివి వల లాగడానికి రెండు జట్లు కావాలి. వల రెండు కొసల తాళ్లు పట్టుకుని, ఇసుకలో మడమలు గుచ్చి, వెనక్కి వెనక్కి నడవాలి. ఒక జట్టు ముందు లాగేస్తే వల వంకరపోయి చేప జారిపోతుంది. పడవను ఇసుక మీదికి ఎక్కించడానికీ అంతే. అంతర్వేదిలోనే మాఘమాసంలో లక్ష్మీనరసింహస్వామి రథం లాగుతారు. అక్కడ తాడు పట్టుకున్నవాళ్లు గోవిందా అంటారు. దానికి అర్థముంది, భక్తి ఉంది. వల తాడు దగ్గర హైలెస్సాకు రెండూ లేవు. చేతులు మాత్రం రెండు చోట్లా ఒకే క్షణంలో బిగుస్తాయి.

నిధి నిర్వాహకులకు ఒక మనవి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు, తర్వాత చేనేత మీద తెచ్చారు. ఊరూరా తిరిగి 'దీన్ని మీరేమంటారు?' అని వస్తువును చూపించి అడిగే పద్ధతి అది. ఎంతో గొప్ప పని. కానీ హైలెస్సాను చూపించి అడగడానికి వస్తువు లేదు. అరుగు మీద కూర్చోబెట్టి ఒకసారి అనమంటే, నవ్వి, సినిమాలో లాగే అంటారు. మీ కాలేజీ పిల్లల్ని సెల్‌ఫోన్లు ఇచ్చి తీరానికి పంపండి. కేక రికార్డు చేసినప్పుడు పక్కన ఇవి కూడా రాయించండి: తాడు మీద ఎన్ని చేతులున్నాయి, ముందుగా అందుకున్నది ఎవరు, వల దూరంగా ఉన్నప్పుడు రెండు కేకల మధ్య ఎంత ఎడం, గట్టుకు దగ్గర పడ్డాక ఎంత. వల ఖాళీగా వస్తోందని చేతికి తెలిసిపోయాక కూడా జట్టు అదే లయలో లాగుతుందో, కేక మధ్యలోనే పలచబడుతుందో, అదీ రాయించండి. వలలో ఏం పడిందో ముందు తెలిసేది తాడు పట్టుకున్నవాళ్లకే.